టీమ్ కోసం చోటు మారినవాడు - డాన్ హోలెడర్

మన ఐటీ ఉద్యోగాల్లో అతి చవగ్గా దొరికే బిరుదు ఏదంటే 'టీమ్ ప్లేయర్'. జీతం పెంచడానికి డబ్బుల్లేని ఏడాది కూడా మేనేజరు దగ్గర ఇది మాత్రం ఎప్పుడూ స్టాకుంటుంది. "నువ్వు జావాలో బాగానే చేస్తున్నావ్, కానీ ఈ ఆర్నెల్లూ టెస్టింగ్ చూసుకో, టీమ్‌కి అవసరం" అన్నప్పుడు కిక్కురుమనకుండా తలూపితే టీమ్ ప్లేయర్. "ఎందుకండీ?" అని అడిగితే యాటిట్యూడ్ ప్రాబ్లం. ఈ రెండింటికీ మధ్య ఇంకేమీ లేదా?

ఉంది. అదేంటో చెప్పాలంటే ఒక మనిషి కథ చెప్పాలి. అతను సాఫ్ట్‌వేర్ వాడూ కాదు, మనవాడూ కాదు. అమెరికా సైన్యంలో మేజరు, అంతకుముందు కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడు. పేరు డాన్ హోలెడర్. అమెరికాలో సైన్యం గురించీ ఫుట్‌బాల్ గురించీ మాట్లాడేచోట ఇతని కథని త్యాగానికి ఉదాహరణగా చెప్తుంటారు. ఆ చెప్పడంలో సగం కథే ఉంటుందని నా అభిప్రాయం. మిగతా సగం మనలాంటి వాళ్ళకి ఎక్కువ పనికొస్తుంది.

న్యూయార్క్ నగరానికి ఉత్తరంగా హడ్సన్ నది ఒడ్డున వెస్ట్ పాయింట్ ఉంది. అమెరికా సైన్యానికి అధికారుల్ని తయారుచేసే కాలేజీ, 1802లో మొదలైంది. మన ఖడక్‌వాస్లా ఎన్‌డీఏ, డెహ్రాడూన్ ఐఎంఏ రెండూ కలిపి ఒకే చోట పెట్టారనుకోండి. నాలుగేళ్ళు చదివితే డిగ్రీ, దాంతోపాటు సెకండ్ లెఫ్టినెంట్ హోదా. (ఇంకో సంగతి. అమెరికాలో మొట్టమొదటి ఇంజనీరింగ్ కాలేజీ కూడా ఇదే. ఆ దేశంలో తొలినాటి రైలు మార్గాలు వేసినవాళ్ళలో చాలామంది ఇక్కడ చదివినవాళ్ళే. కాబట్టి మనకి కాస్త చుట్టరికం ఉన్నట్టే.)

ఈ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుని అక్కడ అందరూ 'ఆర్మీ' అంటారు. 1940ల్లో ఆర్మీ అంటే దేశమంతా హడలిపోయేది. 1944, 1945, 1946 మూడేళ్ళూ ఒక్క ఆట కూడా ఓడలేదు. ఆ జట్టు కోచ్ ఎర్ల్ బ్లెయిక్. ఎర్ర జుట్టు వల్ల అందరూ రెడ్ బ్లెయిక్ అనేవాళ్ళు. ఆయన కూడా వెస్ట్ పాయింట్‌లోనే చదివాడు. 1941 నుంచి 1958 దాకా అక్కడ కోచ్. మహా క్రమశిక్షణ మనిషి, జనరల్ మెకార్థర్‌కి దగ్గరివాడు.

అలాంటాయన నెత్తిన 1951లో పిడుగు పడింది. వెస్ట్ పాయింట్‌లో 'గౌరవ నియమావళి' ఒకటుంది. అబద్ధం చెప్పకూడదు, మోసం చెయ్యకూడదు, దొంగతనం చెయ్యకూడదు, చేసినవాణ్ణి చూస్తూ ఊరుకోకూడదు. అయితే ఒకే పరీక్ష ఒక బ్యాచ్‌కి ఒక రోజు, ఇంకో బ్యాచ్‌కి మర్నాడు పెట్టేవాళ్ళు. మొదట రాసినవాళ్ళు రెండోవాళ్ళకి ప్రశ్నలు అందించడం మొదలుపెట్టారు. (ఇంజనీరింగ్ చదివిన మనకి ఇదేం పెద్ద నేరంగా అనిపించదు, పోనీండి.) బయటపడ్డాక దాదాపు 90 మందిని పంపించేశారు. వాళ్ళలో ముప్పైమందికి పైగా ఫుట్‌బాల్ ఆటగాళ్ళు. వాళ్ళలో ఒకడు కోచ్‌గారి సొంత కొడుకు! జట్టు దాదాపు ఖాళీ అయిపోయింది. బ్లెయిక్ రాజీనామా చేద్దామనుకున్నాడు. మెకార్థర్ వద్దన్నాడు. ఉండిపోయి, పునాదుల దగ్గర్నుంచి మళ్ళీ కట్టుకుంటూ వచ్చాడు. రోచెస్టర్ నగరంలో ఆక్వినాస్ అనే స్కూల్లో ఆడిన డాన్ హోలెడర్ 1952లో ఆ కాలేజీలో చేరింది అలాంటి సమయంలో.

ఇక్కడ ఆట గురించి నాలుగు ముక్కలు. అమెరికా ఫుట్‌బాల్ మన కాలిబంతి కాదు. బంతి చేత్తో పట్టుకుని పరిగెడతారు, విసురుతారు. నాలుగు ప్రయత్నాల్లో కనీసం పది గజాలు ముందుకి వెళ్ళాలి, లేకపోతే బంతి అవతలివాళ్ళకి పోతుంది. ప్రతి ప్రయత్నానికీ ముందు ఒక పథకం. ఎవడు ఎటు పరిగెత్తాలి, బంతి ఎవడికి అనేది. మైదానంలో ఆ పథకం నడిపేవాడు క్వార్టర్‌బ్యాక్. బంతి మొదట అతని చేతికే వస్తుంది. అంచున నిలబడి, దూరం పరిగెత్తి, విసిరిన బంతిని అందుకునేవాణ్ణి 'ఎండ్' అంటారు. రెండూ రెండు వేరే విద్యలు. మన భాషలో చెప్పాలంటే ఒకడు ఆర్కిటెక్టూ, ఒకడు మంచి డెవలపరూ అనుకోండి. డెవలపర్ ఎంత గొప్పవాడైనా రేపొద్దున్నే ఆర్కిటెక్ట్ అయిపోడు కదా (అయిపోయినవాళ్ళని మనం చూస్తూనే ఉన్నాం, అది వేరే సంగతి).

హోలెడర్ 'ఎండ్'. 1954లో ఆ స్థానంలో ఆల్ అమెరికన్‌గా ఎంపికయ్యాడు, అంటే దేశం మొత్తం మీద కాలేజీ ఆటగాళ్ళలో అత్యుత్తమ పదకొండుమందిలో ఒకడు. ఇంకో ఏడాది అదే చోట ఆడితే మళ్ళీ ఆల్ అమెరికన్ అవడానికి అడ్డేమీ లేదు. కానీ అతనికి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ పీట్ వాన్ ఆ ఏడాదితో వెళ్ళిపోయాడు. అతని చోట అనుభవమున్నవాడు ఎవడూ లేడు.

అప్పుడు బ్లెయిక్ ఎవరూ ఊహించని పని చేశాడు. హోలెడర్‌ని పిలిచి, వచ్చే ఏడాది నువ్వే క్వార్టర్‌బ్యాక్ అన్నాడు. హోలెడర్ ఆర్మీ జట్టులో ఎప్పుడూ ఆ స్థానంలో ఆడలేదు. బంతి విసరడంలో గొప్పవాడేమీ కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మరి ఎందుకు? బ్లెయిక్ చూసింది చేతిని కాదు, మనిషిని. మిగతా పదిమందీ ఎవడి మాట వింటారు, ఓడిపోతున్నప్పుడు ఎవడి మొహం వంక చూస్తారు అని చూశాడు. 1953లో నియమాలు మారి, ఆటగాళ్ళని ఇష్టమొచ్చినట్టు మార్చుకునే వీలు పోయింది. అదే పదకొండుమంది దాడీ చెయ్యాలి, కాపలా కూడా కాయాలి. కాబట్టి మైదానంలో ఉన్న నాయకుడి మీద భారం ఎక్కువ.

హోలెడర్ ఒప్పుకున్నాడు. తన చేతిలో ఉన్న పేరు పోతుందని తెలిసే ఒప్పుకున్నాడు.

ఇక్కడ సినిమా అయితే మొదటి ఆటలోనే హీరో అదరగొట్టేస్తాడు. నిజంలో అలా జరగలేదు. 1955 సీజన్ మొదట్లో ఫర్మన్ కాలేజీని 81-0తో, పెన్ స్టేట్‌ని 35-6తో ఓడించారు. బాగానే ఉంది. తర్వాత మిషిగన్ చేతిలో 26-2తో చిత్తుగా ఓడారు. ఆ మరుసటి వారం సిరక్యూస్ చేతిలో 13-0. ఒక్క పాయింటు కూడా రాలేదు! ఇక మొదలయ్యాయి మాటలు. పత్రికలవాళ్ళు బ్లెయిక్‌కి మతి పోయిందన్న ధోరణిలో రాశారు. వెస్ట్ పాయింట్ లోపల కూడా, హోలెడర్‌ని వెనక్కి 'ఎండ్'గా పంపేసి ఇంకొకణ్ణి పెట్టండి అన్న గోల. దేశంలోకెల్లా మంచి 'ఎండ్'ని పోగొట్టుకుని, ఒక మామూలు క్వార్టర్‌బ్యాక్‌ని సంపాదించారని విమర్శ. లెక్క ప్రకారం చూస్తే అందులో తప్పేమీ లేదు కూడా.

బ్లెయిక్ మార్చలేదు. ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే. కుర్రాడు పొరపాట్లు చేస్తుంటే, "నేను చెప్పాను, వాడు చెయ్యలేకపోయాడు" అనెయ్యడం చాలా సుళువు. అందరూ నమ్ముతారు కూడా. ఆయన అలా అనలేదు. నిర్ణయం నాది, తిట్లు నావి అన్నట్టు నిలబడ్డాడు. నవంబర్‌లో యేల్ చేతిలో 14-12తో మూడో ఓటమి వచ్చినప్పుడు కూడా అంతే.

మిగిలింది నేవీతో ఆట. ఆర్మీ, నేవీల మధ్య ఏటా జరిగే ఆట అంటే మన భారత్-పాకిస్తాన్ క్రికెట్ అంత. మిగతా ఏడాదంతా ఓడినా ఇది గెలిస్తే చాలు. ఫిలడెల్ఫియాలో లక్షమంది పట్టే మున్సిపల్ స్టేడియంలో జరిగేది. 1955 నవంబర్ 26. నేవీ క్వార్టర్‌బ్యాక్ జార్జ్ వెల్ష్, ఆ ఏడాది బంతి విసరడంలో దేశంలోనే మొదటివాడు. ఇటుపక్క విసరడం అంతంతమాత్రమైన హోలెడర్.

ఆటకి ముందురోజు బ్లెయిక్ తన కుర్రాళ్ళతో చెప్పిన మాటల గురించి ఒక కథ చాలాసార్లు చెప్తుంటారు. ఈ ఏడాది మూడుసార్లు మైదానం దాటి వెళ్ళి, గెలిచిన కోచ్‌కి చెయ్యి కలిపి వచ్చాను, రేపు మళ్ళీ వెళ్ళాల్సి వస్తే నా జీవితంలో అదే అన్నిటికంటే పొడుగైన నడక అవుతుంది అన్నాట్ట. అందరూ మౌనంగా ఉంటే హోలెడర్ ఒక్కడే, కల్నల్, రేపు మీరు ఆ నడక నడవరు అన్నాట్ట.

మొదటి దెబ్బ నేవీదే, 6-0. తర్వాత ఆర్మీ విసరడం పక్కన పెట్టేసి నేల మీద పరుగునే నమ్ముకుంది. గజం గజం తోసుకుంటూ పోయారు. చివరికి 14-6తో ఆర్మీ గెలిచింది. బ్లెయిక్ ఆ నడక నడవలేదు. ఆ వారమే స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక అట్ట మీద హోలెడర్ బొమ్మ వేసింది.

సీజన్ మొత్తం లెక్క చూస్తే ఆరు గెలుపులు, మూడు ఓటములు. అంతకుముందు ఏడాది ఏడు గెలుపులు, రెండు ఓటములు. అంటే త్యాగం చేస్తే జట్టు మెరుగుపడింది అని అంకెలు చెప్పడం లేదు. నాకీ కథ నచ్చడానికి ఇదీ ఒక కారణం. ఎందుకంటే చోటు మారిన ప్రతివాడికీ ఫలితం చేతికొస్తుందని చెప్పేవాళ్ళు అబద్ధం చెప్తున్నట్టే. ఒక్కోసారి నీ పని నువ్వు చేస్తావు, లెక్కల్లో అది కనిపించదు.

తర్వాత న్యూయార్క్ జెయింట్స్ అనే ప్రొఫెషనల్ జట్టు అతన్ని ఎంచుకుంది. ఆ జట్టు అదే ఏడాది, అంటే 1956లో, లీగ్ ఛాంపియన్ అయింది కూడా. హోలెడర్ అటు వెళ్ళలేదు, సైన్యంలోనే ఉండిపోయాడు. ఇన్‌ఫాంట్రీ, అంటే కాలినడక సైన్యం. కొన్నాళ్ళు వెస్ట్ పాయింట్‌కే తిరిగొచ్చి ఫుట్‌బాల్ కుర్రాళ్ళకి శిక్షణనిచ్చాడు. మేజర్ అయ్యాడు. భార్య, నలుగురు కూతుళ్ళు. 1967లో వియత్నాం వెళ్ళాడు.

వియత్నాంలో మొదటి ఇన్‌ఫాంట్రీ డివిజన్‌లో ఒక బ్రిగేడ్‌కి ఆపరేషన్స్ ఆఫీసర్‌గా వేశారు. ఈ పోస్టు గురించి కొంచెం చెప్పుకోవాలి. ఆపరేషన్స్ ఆఫీసర్ చేత్తో తుపాకీ పట్టుకుని ముందు నడిచేవాడు కాదు. మ్యాపులు, రేడియోలు, ఎవరిని ఎటు పంపాలి, సాయం ఎప్పుడు అందించాలి అన్నది చూసేవాడు. అంటే 1955లో హోలెడర్‌ని ఇంకొకరు ఒక పని అడిగారు. 1967 వచ్చేసరికి హోలెడర్ ఆ పని అడిగేవాళ్ళ వైపు ఉన్నాడు.

1967 అక్టోబర్ 17. సైగాన్‌కి ఉత్తరంగా అడవిలో ఓంగ్ థాన్ అనే వాగు దగ్గర. 'బ్లాక్ లయన్స్' అని పిలిచే బెటాలియన్‌లో రెండు కంపెనీలు, సుమారు నూటయాభైమంది, శత్రువుని వెతుక్కుంటూ అడవిలోకి నడిచారు. నడిపించినవాడు లెఫ్టినెంట్ కల్నల్ టెర్రీ అలెన్ జూనియర్. ఇతని తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే డివిజన్‌కి జనరల్. ముందురోజే అక్కడ చిన్న కాల్పులు జరిగాయి. ఇంత తక్కువమందితో వెళ్ళడం మంచిది కాదని కంపెనీ కమాండర్ క్లార్క్ వెల్ష్ చెప్పాడు. కానీ పైనుంచి దూకుడుగా ముందుకి వెళ్ళాలన్న ఒత్తిడి ఉంది. అలెన్ వెళ్ళాలనే నిర్ణయించాడు.

అడవిలో వాళ్ళకోసం కాచుకుని ఉన్నది వియత్‌కాంగ్ 271వ రెజిమెంట్. వెయ్యిమందికి పైగా. నడిపినవాడు వో మిన్ త్రియెత్. మూడు వైపుల నుంచి కాల్పులు. చెట్ల మీద కూడా మనుషులు. రెండు కంపెనీలూ దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 64 మంది అమెరికన్లు చనిపోయారు. 75 మంది దాకా గాయపడ్డారు. చనిపోయినవాళ్ళలో అలెన్ కూడా ఉన్నాడు.

హోలెడర్ ఆ సమయానికి బ్రిగేడ్ కమాండర్‌తో హెలికాప్టర్లో, అడవి పైన ఉన్నాడు. కింద ఏం జరుగుతోందో రేడియోలో వినబడుతోంది. కొంచెం దూరంలో ఉన్న ఖాళీ జాగాలో హెలికాప్టర్ దిగింది. ప్రాణాలతో బయటపడినవాళ్ళు, దెబ్బలు తగిలినవాళ్ళు అడవిలోంచి తూలుతూ వస్తున్నారు. ఇంకా లోపల చాలామంది ఉన్నారు. హోలెడర్ కనబడిన కొద్దిమందిని వెంటబెట్టుకుని అటు బయల్దేరాడు. బురద నేల. మిగతావాళ్ళకంటే వేగంగా పరిగెత్తాడు. పాత 'ఎండ్' కదా, పరుగే అతని విద్య. అందరికంటే ముందుకి వెళ్ళిపోయాడు. తూటాలు తగిలి పడిపోయాడు. ఒక మెడిక్ చేతుల్లో ప్రాణం పోయింది. వయసు 33.

వాషింగ్టన్ పక్కన ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో సమాధి చేశారు. 1985లో కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. వెస్ట్ పాయింట్‌లో బాస్కెట్‌బాల్, ఐస్ హాకీ ఆడే పెద్ద భవనానికి అతని పేరే. 2012లో అతని సిల్వర్ స్టార్‌ని పెంచి డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ ఇచ్చారు, అది మెడల్ ఆఫ్ ఆనర్ తర్వాత సైన్యంలో పెద్ద పతకం. అమెరికాలో పిల్లల, స్కూళ్ళ జట్ల దగ్గర్నుంచి 'బ్లాక్ లయన్ అవార్డు' అని ఇస్తారు. ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి కాదు, తనకంటే జట్టుని ముందు పెట్టుకున్నవాడికి. అదీ ఇతని పేరు మీదే.

సాధారణంగా కథ ఇక్కడితో ఆగిపోతుంది. అందరూ చప్పట్లు కొడతారు. "చూశారా, టీమ్ అంటే ఇదీ" అని స్లైడ్ మారుస్తారు.

నేను చెప్పదలుచుకున్నది ఇక్కడ మొదలవుతుంది.

ఓంగ్ థాన్ తర్వాత సైన్యం ఏం చెప్పిందో తెలుసా? అది ఓటమి కాదంది. శత్రువులు వందకి పైగా చచ్చారని లెక్క చెప్పింది. 'ఆంబుష్' అన్న మాటే వాడొద్దని, రెండు సైన్యాలూ ఎదురుపడ్డ పోరాటం అనాలని పై అధికారులు పట్టుబట్టారు. ప్రొడక్షన్ సర్వర్ పడిపోతే 'అవుటేజ్' అనకుండా 'తాత్కాలిక సేవా అంతరాయం' అని మెయిల్ పెడతారు చూడండి, అదే పద్ధతి. కాకపోతే ఇక్కడ పోయింది సర్వర్ కాదు, 64 మంది కుర్రాళ్ళు. బతికినవాళ్ళకి ఆ మాట ఎంత మండిందో, వాళ్ళు ఏళ్ళ తరబడి దాని గురించి మాట్లాడుతూనే ఉన్నారు. డేవిడ్ మరానిస్ అనే పాత్రికేయుడు 2003లో దీనిమీద పెద్ద పుస్తకం రాశాడు. అందులో ఈ యుద్ధాన్నీ, సరిగ్గా ఆ మర్నాడే విస్కాన్సిన్ యూనివర్సిటీలో విద్యార్థులు చేసిన నిరసననీ పక్కపక్కనే పెట్టాడు. దానికోసం వియత్నాం వెళ్ళి, ఇటు క్లార్క్ వెల్ష్‌నీ అటు వో మిన్ త్రియెత్‌నీ ఆ అడవిలోనే కలిపాడు కూడా.

ఇప్పుడు 1955నీ 1967నీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండుచోట్లా ఒకడు ఇంకొకణ్ణి కష్టమైన పని అడిగాడు. రెండుచోట్లా ఓటమి వచ్చింది. 1955లో అడిగినవాడు ఆ ఓటమిని తన నెత్తిన వేసుకున్నాడు. మూడుసార్లు అందరూ చూస్తుండగా మైదానం దాటి నడిచాడు. 1967లో బాగా పైన కూర్చున్నవాళ్ళు ఆ నడక నడవలేదు. అది నడక కాదని, అసలు ఓడిందే లేదని చెప్పారు. నడిచినవాళ్ళు కింద ఉన్నవాళ్ళే. అలెన్ తన మనుషులతోపాటు అడవిలోకి నడిచి చనిపోయాడు. అతని నిర్ణయం తప్పని అనొచ్చు, వేరేవాళ్ళ మీదికి తోసేశాడని అనలేం. హెలికాప్టర్లో ఉన్న హోలెడర్‌కి కిందికి దిగాల్సిన పని లేదు, దిగినా ముందు పరిగెత్తాల్సిన పని అసలే లేదు.

ఆ పరుగు తెలివైనదా? బ్రిగేడ్ ఆపరేషన్స్ ఆఫీసర్ ఒంటరిగా ముందుకి పరిగెత్తడం ఏ మిలటరీ పుస్తకం ప్రకారమూ సరైనది కాదని వాదించొచ్చు. ఆ పరుగుతో యుద్ధం ఫలితం మారలేదు. అతను బతికుంటే రేడియో దగ్గర ఎక్కువ పనికొచ్చేవాడేమో కూడా. నేను ఆ వాదనని కొట్టిపారెయ్యను. కానీ ఆ పరుగు వెనకున్న లెక్క నాకు అర్థమైనట్టే ఉంటుంది. బ్లెయిక్ దగ్గర అతను నేర్చుకున్నది క్వార్టర్‌బ్యాక్ ఆట కాదు. ఇంకొకణ్ణి అడిగినవాడు దాని ఖర్చులో తన వాటా తనే కట్టాలి అన్నది. ఆ రోజు అతను కట్టింది మొత్తం బిల్లు.

అందుకే 'టీమ్ ప్లేయర్' అన్న మాటని నేను సగం మాట అంటాను. మిగతా సగం అడిగినవాడి దగ్గర ఉంటుంది. నాకు తెలిసిన ఒక కంపెనీలో (పేరెందుకులెండి) మంచి డెవలపర్ని ఆర్నెల్లకని చెప్పి పాత మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్టులో వేశారు. ఆర్నెల్లు రెండేళ్ళయ్యాయి. రేటింగ్ ఇచ్చేటప్పుడు, "కొత్త టెక్నాలజీల్లో అనుభవం తక్కువ" అని అతనికే తగ్గించారు. వేసినవాళ్ళు ఆపాటికి వేరే అకౌంటుకి మారిపోయారు. ఇతను చేసింది హోలెడర్ చేసినదే, తేడా అటువైపు బ్లెయిక్ లేకపోవడంలో ఉంది.

చోటు మారడానికి ఒప్పుకోనివాడు స్వార్థపరుడా మరి? దీనికి మన హైదరాబాదీ ఉదాహరణే ఉంది. వీవీఎస్ లక్ష్మణ్. మధ్యలో ఆడే బ్యాట్స్‌మన్ని తీసుకొచ్చి టెస్టుల్లో ఓపెనర్‌గా పంపారు. ఖాళీ అక్కడుంది కాబట్టి. ఆడాడు, తంటాలు పడ్డాడు. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గానే 167 కొట్టాడు. అయినా ఇక ఓపెనింగ్ చెయ్యనని తేల్చేశాడు. జట్టుకి బయట కూర్చోవాల్సి వచ్చినా మాట మార్చలేదు. 1999-2000 రంజీ సీజన్లో హైదరాబాద్ తరఫున 1415 పరుగులు చేశాడు. 2001 మార్చిలో కోల్‌కతాలో ఆస్ట్రేలియా మీద మూడో స్థానంలో వచ్చి 281 కొట్టిన సంగతి ఎవరికీ గుర్తు చెయ్యక్కర్లేదు. అదే సమయంలో ద్రవిడ్ వన్డేల్లో జట్టు కోసం వికెట్ల వెనక నిలబడి 2003 ప్రపంచకప్ మొత్తం ఆడాడు. ఇద్దర్లో ఎవడు టీమ్ ప్లేయర్? నన్నడిగితే ఇద్దరూ. ఓపెనింగ్‌లో విఫలమైతే వేటు పడేది లక్ష్మణ్ మీదే, పంపినవాళ్ళ మీద కాదు. అలాంటప్పుడు ఒప్పుకోవాలా వద్దా అని తేల్చుకునే హక్కు కూడా అతనిదే.

కాబట్టి ఈసారి ఎవరైనా మిమ్మల్ని పిలిచి, టీమ్ కోసం చోటు మారమంటే వెంటనే అవుననకండి, కాదనీ అనకండి. ఒక్క ప్రశ్న అడగండి. "ఇది పాడైతే క్లయింట్ ముందు ఎవరు నిలబడతారు?" జవాబు చెప్పేటప్పుడు ఆయన కళ్ళలోకి చూడండి. "నేను నిలబడతాను" అంటే, అది నిజమనిపిస్తే, ధైర్యంగా మారండి. పేరు పోయినా పర్లేదు, అలాంటివాళ్ళ కింద పనిచేసే అవకాశం తరచుగా రాదు. జవాబు తిరిగి తిరిగి మీ దగ్గరికే వస్తే, మర్యాదగా లక్ష్మణ్ దారి పట్టండి.

ఇంకో మాట. మనలో చాలామందిమి ఆ బల్లకి అటుపక్కకి చేరే వయసుకి వచ్చేశాం. ఇద్దరో ముగ్గురో జూనియర్లు మన కింద ఉంటారు. వాళ్ళని మనం కూడా ఏదో ఒకటి అడుగుతాం, శనివారం రమ్మంటాం, ఇష్టంలేని మాడ్యూల్ ఇస్తాం. తప్పదు. అడిగే ముందు రిలీజ్ చెడిపోతే వెళ్ళి చెయ్యి కలిపి రావాల్సిన నడక మనదేనని గుర్తుంటే చాలు. హోలెడర్ పేరు మీద ఇచ్చే అవార్డు మనకెవ్వరూ ఇవ్వరు గానీ, ఆ కుర్రాళ్ళు ఇంకో కంపెనీకి వెళ్ళాక కూడా మనకి ఫోన్ చేస్తుంటారు. అది చాలదా?